ఇంట్లో నలుగురికీ ఒకటే ట్యూబా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది వజ్రపుకొత్తూరు మండలంలో ఒక పల్లె. నాకు 29 ఏళ్లు. వేసవి ముందు లంగా బొందు కట్టుకునే చోట దురద మొదలై తొడల సందుల్లోకి దిగింది. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చారు. రాస్తే మూడు రోజుల్లో తగ్గిపోయింది, మానేస్తే మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా పెద్దగా. ఇలా నాలుగైదు ట్యూబులు అయిపోయాయి. కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వస్తే దానికీ అదే రాశాను. మొదట్లో తెల్లబడింది గానీ ఇప్పుడు ఎండలోకి వెళ్తే మొహం మండిపోతోంది. మా బాబుకి నాలుగేళ్లు. వేళ్ల సందుల్లో, బొడ్డు చుట్టూ పొక్కులు, రాత్రయితే గోకి గోకి ఏడుస్తాడు. వాడికీ అదే రాస్తున్నాను. మా అత్త జీడిపిక్కల పనికి వెళ్తుంది, చేతులు పగిలి తోలు లేచిపోతుంటే ఆవిడా అదే రాసుకుంటోంది. మా మావయ్యకి కూడా ఒళ్లంతా దురదే గానీ పొక్కులూ మచ్చలూ ఏమీ లేవు. ఇదంతా ఒకరి నుంచి ఒకరికి అంటుకుందంటారా? వంకాయ, గోంగూర, ఎండుచేపలు మానేశాం. ట్యూబ్ ఫొటో పంపిస్తున్నాను. ఇంతకంటే మంచి ట్యూబ్ ఏదో పేరు చెప్పండి చాలు.

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత, ముందు మీ మావయ్యగారి సంగతి చూద్దాం. ఉత్తరం చివర ఒక్క ముక్క రాసి వదిలేశారు గానీ నాకు అన్నిటికంటే అదే టెన్షన్ పెట్టింది. ఒళ్లంతా దురద ఉండి, ఒంటి మీద గోకిన గీతలు తప్ప ఇంకేమీ కనపడకపోతే చాలాసార్లు జబ్బు చర్మంలో ఉండదు, లోపల ఉంటుంది. కాలేయం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, రక్తం తక్కువై కావచ్చు, పెద్దవయసులో ఒళ్లు పొడిబారి వచ్చే దురదే కావచ్చు. కానీ మీరు రాసింది ఉద్దానం నుంచి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఆ కొబ్బరితోటల మధ్య కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని కూలదోసిందో మీకు నేను చెప్పాలా? కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక ఒంట్లో మలినాలు బయటికి పోక ఇలాంటి దురద పెడుతుంది, దానికి పైన ఏం పూసినా లాభం లేదు. పైగా ఈ జబ్బు చాలాకాలం చప్పుడు చెయ్యదు. కాళ్లు పొంగలేదు, మూత్రం బాగానే వస్తోంది కదా అని ఊరుకుంటే కుదరదు.

కాబట్టి ఈ వారంలోనే మీ ఊరి పీహెచ్‌సీకి తీసుకెళ్లి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించండి, దాంతోపాటే షుగరు, బీపీ, హిమోగ్లోబిన్ కూడా. తేడా కనిపిస్తే పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఉంది కదా, 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకలది, అక్కడికి వెళ్లండి. రిపోర్టు వచ్చేదాకా ఆయనకి నొప్పి మాత్రలు ఇవ్వకండి, డైక్లోఫెనాక్ లాంటివి అసలే వద్దు. దురదకని షాపులో సెట్రిజిన్ తెచ్చి రోజూ వేస్తున్నారేమో, అది ఎక్కువగా కిడ్నీల మీదుగానే బయటికి పోయే మందు, కిడ్నీ బాగోలేనివాళ్లకి డోసు తగ్గించాలి. ఆ లెక్క డాక్టరు చూసుకుంటారు. ఈలోపు స్నానానికి బాగా వేడినీళ్లు మాని, సబ్బు తగ్గించి, ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనె రాయండి. అన్నీ మామూలుగా వస్తే పొడిచర్మమేలే అని సంతోషిద్దాం. అయినా పరీక్ష మాత్రం తప్పదు.

ఇప్పుడు ట్యూబ్. ఫొటో పెద్దది చేసి చదివాను. అందులో ఉన్నవి నాలుగు: క్లోబెటాసోల్, ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్. మొదటిది స్టెరాయిడ్, అదీ పూత మందుల్లో అన్నిటికంటే ఘాటైనది. రెండోది యాంటీబయాటిక్. మూడోది మామూలుగా అమీబా విరేచనాలకి వాడే మందు, మీ నడుముకీ దానికీ ఏం సంబంధమో నాకూ తెలీదు. నాలుగోది ఒక్కటే తామర మందు. మీ నడుముకీ తొడల సందుల్లోకీ వచ్చింది చూస్తే తామరే, అంటే చర్మం మీద పాకే ఒక రకం బూజు. షాపాయన మీకు మోసం చేశాడని అనను, అడిగినవాళ్లకి త్వరగా తగ్గేది ఇచ్చాడు. అక్కడే ఉంది తిరకాసు. దురద, ఎరుపు అనేవి తామర బూజు మీద మీ ఒళ్లు చేసే యుద్ధం, స్టెరాయిడ్ వెళ్లి ఆ యుద్ధాన్ని ఆపేస్తుంది. మీకు హాయిగా ఉంటుంది, బూజుకి ఇంకా హాయిగా ఉంటుంది. అందుకే మానిన ప్రతిసారీ ఇంకా పెద్దదై వచ్చింది. మరి టెర్బినాఫిన్ కూడా ఉంది కదా అంటారు. మూడు రోజులు రాసి వారం మానేస్తే ఏ తామర మందూ పనిచెయ్యదు. పైగా ఇప్పుడు మన దేశమంతా తిరుగుతున్న తామర మన చిన్నప్పటిది కాదు, టెర్బినాఫిన్‌కి లొంగని రకం బాగా పెరిగింది.

అసలు ఇలాంటివి చీటీ లేకుండా అమ్మకూడదు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందుల్ని షెడ్యూల్ హెచ్‌ కిందికి, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోకి, తెచ్చింది. అమ్ముతూనే ఉన్నారు, కొంటూనే ఉన్నాం.

మీ తొడల సందుల్లో ఒకసారి వెలుతురులో చూసుకోండి. గర్భిణీలకి పొట్ట మీద వచ్చేలాంటి చారలు, ఎర్రగానో ఊదాగానో కనపడుతున్నాయా? ఉంటే అవి తామర చారలు కాదు, ట్యూబ్ చారలు. ఎరుపు కాస్త తగ్గుతుంది గానీ చార పూర్తిగా పోదు. లేకపోతే అదృష్టం, ఇవాళే ఆపెయ్యండి. ఆపిన వారం పది రోజులు దురద ముందుకంటే ఎక్కువ అవుతుంది, ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే సరిగ్గా ఈ రోజుల్లోనే అందరూ మళ్లీ షాపుకి పరిగెడతారు.

ఇక ఏం రాయాలి అంటారా. స్టెరాయిడ్ కలవని, ఒక్క తామర మందే ఉన్న క్రీము, అంటే క్లోట్రిమజోల్ గానీ లులికోనజోల్ గానీ, డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు మొదలుపెట్టొచ్చు. కొనేటప్పుడు పెట్టె మీద పేరు మీరే చదవండి. క్లోబెటాసోల్, బెటామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథాసోన్, ఈ స్టెరాయిడ్ పేర్లలో ఏ ఒక్కటి కనపడినా తిరిగి ఇచ్చెయ్యండి. రాసేటప్పుడు మచ్చ మీద మాత్రమే కాదు, అంచు దాటి ఒక రెండు వేళ్ల వెడల్పు దాకా రాయాలి, ఎందుకంటే బూజు పాకుతున్నది అంచు దగ్గరే. పూర్తిగా మాయమయ్యాక కూడా కనీసం రెండు వారాలు మానకూడదు. అయితే మీ విషయంలో ఇన్నాళ్ల స్టెరాయిడ్ తర్వాత క్రీము ఒక్కదానితో పని జరుగుతుందని నేను అనుకోవడం లేదు, లోపలికి మాత్రలు కావాలి. శ్రీకాకుళం రిమ్స్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, పలాస, టెక్కలి వైపు దగ్గర్లో చర్మం డాక్టరుంటే అక్కడికైనా సరే. మచ్చ అంచున బ్లేడుతో కాస్త పొలుసు గీకి మైక్రోస్కోపు కింద చూస్తారు, నొప్పేమీ ఉండదు. వాడిన ట్యూబ్ ఖాళీదైనా సరే సంచిలో వేసుకెళ్లండి, మొహమాటపడి దాచకండి. స్టెరాయిడ్ పడిన తామర గుండ్రటి రూపం పోగొట్టుకుని ఇంకేదో చర్మరోగంలాగా కనిపిస్తుంది, ట్యూబ్ చూస్తేనే డాక్టరుకి కథ అర్థమవుతుంది.

ఇట్రాకొనజోల్ రాస్తే మాత్రం రెండు సంగతులు గుర్తుంచుకోండి. అది అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్ర, అదే పాంటాప్రజోల్, రోజూ పరగడుపున వేసుకునే అలవాటుంటే డాక్టరుకి చెప్పండి, అది వేసుకుంటే ఈ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. నెల తప్పినా, ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నా, ఇదివరకు గుండె జబ్బో కామెర్లో వచ్చి ఉన్నా ముందే చెప్పాలి. ఎవరైనా ఆర్‌ఎంపీ ఒక్క సూదితో పోతుందంటే వద్దనండి. ఆ సూదిలో ఉండేదీ చాలాసార్లు స్టెరాయిడే.

మందు సగమే, మిగతా సగం బట్టల్లో ఉంది. మన సముద్రపు గాలికి ఒళ్లు ఆరదు, బొందు బిగుతుగా ఒకే చోట రోజంతా నొక్కితే కింద చెమట నిలిచి బూజుకి అంతకంటే కావలసిందేముంది! బొందు తీసి వెడల్పు పట్టీ కుట్టించుకోండి, లేదా కట్టే చోటు రోజూ కొంచెం పైకీ కిందికీ మార్చండి. పొందూరు ఖద్దరే కట్టమనడం లేదు, ఏ నూలు గుడ్డయినా ఫరవాలేదు, ఆ నైలాను లోబట్టలు మాత్రం పక్కన పెట్టండి. మీ లోబట్టలు, తువ్వాలు వేడినీళ్లలో నానబెట్టి ఉతికి, తిరగేసి ఎండలో ఆరెయ్యండి. ఎవరైనా చూస్తారని లోబట్టల్ని చీర చాటున నీడలో ఆరేస్తారు మన ఆడవాళ్లు, అవి తడిగానే ఉండిపోతాయి. సిగ్గుపడితే తామర పోదమ్మా. డెట్టాలు పోసి రుద్దడం, నిమ్మకాయ, ఉప్పు, కిరసనాయిలు, ఇవేవీ వద్దు. మెట్టతామర ఆకు పసరు గురించి కూడా అడుగుతారు చాలామంది. దానికి కాస్త గుణం ఉన్నమాట నిజమే గానీ ఇప్పుడు పలచబడిపోయిన మీ చర్మం మీద అది పుండు పెడుతుంది.

మీవారి గురించి ఒక్క మాటా రాయలేదు. మన వైపు మగవాళ్లు వలస పనుల్లో ఉంటారు కాబట్టి ఊళ్లో లేరేమో. ఉంటే, పండక్కి వస్తే, ఆయన్ని కూడా అడగండి. గజ్జల్లో తామర ఉండి నోరు విప్పని మగవాళ్లు కోకొల్లలు, భార్య నెలల తరబడి మందులు వాడుతుంది, మళ్లీ మళ్లీ వస్తుంది, కారణం పక్క మంచం మీద ఉంటుంది.

మొహానికి రాస్తున్నది కూడా ఆపాలి. మంగు అనేది ఎండ, హార్మోన్ల వల్ల వచ్చే రంగు, దాన్ని స్టెరాయిడ్ నయం చెయ్యదు, కొన్నాళ్లు పాలిపోయేలా చేస్తుందంతే. ఆ తెలుపు చూసే మోసపోయారు. ఇప్పుడు మంట, ఎరుపు, రేపు మొటిమలు, బుగ్గల మీద సన్న వెంట్రుకలు. ఆపగానే మొహం కందిపోయి భయపెడుతుంది. బ్లీచు, ఫేషియల్, నలుగు పిండి ఏవీ తగిలించకుండా సాదా మాయిశ్చరైజరు, పగలు సన్‌స్క్రీను, తలమీద కొంగు, ఇంతే. మరీ భరించలేకపోతే చర్మం డాక్టరు మెల్లగా మాన్పిస్తారు. మంగు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు, దానికి తొందరేమీ లేదు.

బాబుది తామర కాదు, అంటుకున్నది మీ నుంచీ కాదు. వేళ్ల సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ, రాత్రిపూట ఎక్కువ, ఇది గజ్జి లాగే ఉంది. కంటికి ఆనని పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. ఒకసారి వాడి మర్మాంగం మీద కూడా పొక్కులున్నాయేమో చూడండి, ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. దీనికి పర్మెత్రిన్ 5 శాతం క్రీము. ఎలా రాస్తున్నామన్నదే ముఖ్యం: రాత్రి పడుకునే ముందు మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, వేళ్ల సందులు, పిరుదుల మధ్య, ఎక్కడా వదలకుండా రాసి పొద్దున్నే స్నానం చేయించాలి. రాత్రి వాడు చెయ్యి కడుక్కుంటే అక్కడ మళ్లీ రాయాలి. వారం తర్వాత ఇంకోసారి. ఇంట్లో ఉన్నవాళ్లందరూ దురద ఉన్నా లేకపోయినా అదే రాత్రి రాసుకోవాలి, ఈ ఒక్క మందు మాత్రం నిజంగానే ఇంటిల్లిపాదికీ. ఒకరు ఇవాళ, ఒకరు వచ్చేవారం అంటే పురుగు మీ ఇంట్లోనే చుట్టూ తిరుగుతూ ఉంటుంది. అయితే అత్తగారి చేతుల పగుళ్ల మీద అది మండుతుంది, ఆవిడకి ఎలా వాడాలో డాక్టర్ని అడగండి. పక్కబట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వెయ్యండి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి వారం పక్కన పెడితే పురుగు చస్తుంది. మందు రాశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, చచ్చిన పురుగు మీద ఒంటి కోపం అది. పని చెయ్యలేదనుకుని రోజూ పూసి పిల్లాడి తోలు తియ్యకండి. అంగన్‌వాడీ టీచరుకి కూడా చెప్పండి, దాయడానికి ఇందులో ఏముంది, అక్కడ ఇంకో నలుగురికి ఉండే ఉంటుంది. పొక్కుల్లో చీము పడితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి, ఆ చీము సూక్ష్మజీవుల వల్ల పిల్లలకి ఒక్కోసారి మొహం ఉబ్బి, మూత్రం ఎర్రగా వచ్చి, కిడ్నీల మీదికి పోతుంది.

ఇక అత్తగారి చేతులు. పలాస, కాశీబుగ్గ వైపు జీడి పనిచేసే ఆడవాళ్ల అరచేతులు చూసినవాళ్లెవరూ ఆ పప్పు ధర గురించి బేరమాడరు. వేళ్ల కొసలు నల్లగా, గీతలు అరిగిపోయి, ఆధార్ మిషను మీద వేలిముద్ర కూడా పడదు కొందరికి. పిక్క పెంకులో ఉండే నూనె చేసే పని ఇది. చాకలివాళ్లు బట్టలకి గుర్తుపెట్టే నల్లజీడి ఉంది చూడండి, రెండూ ఒకే కుటుంబం. ఆ నూనె కొంత కాలుస్తుంది, కొంత ఎలర్జీ తెస్తుంది, ఒకసారి ఎలర్జీ పట్టుకుంటే చిన్న చుక్క తగిలినా పొక్కుతుంది, అదే చెయ్యి కంటికో మెడకో తగిలితే అక్కడా లేస్తుంది. విచిత్రం ఏంటంటే, ఆ ట్యూబ్‌లో ఉన్న స్టెరాయిడ్‌తో మీ ఇంట్లో కాస్తో కూస్తో పని ఉన్న మనిషి ఆవిడ ఒక్కరే. చేతి ఎలర్జీకి డాక్టర్లు కొద్దిరోజులు స్టెరాయిడే రాస్తారు, మిగతా మూడు మందులూ లేకుండా. కానీ పొద్దున పని, రాత్రి పూత అయితే ఎన్నాళ్లు రాసినా ఒకటే. పనికి కూర్చునే ముందు ఆముదమో కొబ్బరినూనో చేతులకి పట్టించి, లోపల నూలు గుడ్డ చేతితొడుగులు, పైన రబ్బరువి వేసుకోవాలి. గ్లవ్స్ ఉంటే చెయ్యి ఆడదు, పిక్కలు తక్కువ అవుతాయి, కూలి తగ్గుతుంది అంటారు. నిజమే, అందుకే అది ఆవిడ ఒక్కరే తేల్చుకునే విషయం కాదు, గ్లవ్సులు ఇవ్వాల్సింది పని ఇచ్చేవాళ్లు. నలుగురు కలిసి అడిగితే బాగుంటుంది. వీలైతే కొట్టే పని నుంచి పప్పు ఏరే పనికి మారమనండి, అక్కడ ఈ నూనె తగలడం చాలా తక్కువ. మరక పోవాలని కిరసనాయిలుతో చేతులు కడగడం మాత్రం ఇవాల్టితో ఆఖరు.

ఇంతమంది గురించి చెప్పాను కాబట్టి ఇంకొక్కటి. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ దురద పెట్టని మచ్చ, చుట్టూ చర్మం కంటే పాలిపోయి, గిల్లినా తెలియని మచ్చ ఎవరికైనా ఉంటే దానికి ఏ ట్యూబూ రాయకుండా పీహెచ్‌సీలో చూపించండి. కుష్ఠు అయితే మందు ఉచితం, ఆరు నెలలో ఏడాదో వాడితే పూర్తిగా పోతుంది. సాలూరులో దీనికోసమే ఆసుపత్రి ఉంది. భయపడి దాచుకున్నవాళ్లకే వేళ్లు వంకర్లు పోతాయి.

వంకాయ, గోంగూర, ఎండుచేపల సంగతి అడిగారు. తినండి. తామరకీ గజ్జికీ వంకాయతో సంబంధం లేదు, మీరు ఇన్నాళ్లు నోరు కట్టుకున్నది వృథా. పిల్లాడికి చేప, గుడ్డు తప్పకుండా పెట్టండి. ఒక్క మావయ్యగారికి మాత్రం రిపోర్టు వచ్చేదాకా ఎండుచేపలు, ఊరగాయ, అప్పడాలు పెట్టకండి, అది దురద కోసం కాదు, ఉప్పు కోసం. క్రియాటినిన్ ఎంత వచ్చిందో నాకు రాయండి.